ఆ పొడిని మా డయింగ్ నీళ్లలో వేసి చూడండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో రంగు నీళ్లను ఎండతో శుభ్రం చేసే కొత్త నానో పదార్థం గురించి వార్త వేశారు. దాని పక్కన రెండు గాజు సీసాల ఫొటో ఉంది. ఒకదాంట్లో నీలం నీళ్లు, ఇంకోదాంట్లో తేటనీళ్లు. ఆ ఫొటోని నేను చాలాసేపు చూశాను. ఎందుకంటే పన్నెండేళ్ల కింద నేనూ అచ్చం అలాంటి రెండు సీసాలు కిటికీ గట్టు మీద పెట్టి ఫొటో తీసుకున్నాను. నా పీహెచ్‌డీ పుస్తకంలో అది నాలుగో అధ్యాయం మొదటి పేజీలో ఉంది.

నాది సిరిసిల్ల. ఇక్కడే డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. మా బాపు ముప్పై ఒక్క ఏళ్లు డయింగ్ షెడ్డులో పనిచేశాడు. పత్తి నూలు చిలపలను కర్రలకు వేసి, వేడి రంగు తొట్టిలో ముంచి తిప్పడం ఆయన పని. లంగాల బట్టకు వెళ్లే నూలు అది. ఆ రోజు షెడ్డులో ఏ రంగు నడిచిందో మాకు చెప్పక్కర్లేదు, ఆయన చేతులు చూస్తే తెలిసిపోయేది. అన్నం కలిపేటప్పుడు గోళ్ల సందుల్లో మెరూన్ కనిపించేది. షెడ్డు వెనక మోరీ కూడా అంతే. సోమవారం ఆకుపచ్చ, మంగళవారం నలుపు. నేను కెమిస్ట్రీ చదవడానికి ఆ మోరీయే కారణం.

కాబట్టి ఈ ఉత్తరం ఆ వార్తను తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆ పరిశోధన చేసినవాళ్ల కష్టం నాకు తెలుసు. కానీ ఆ వార్త చదివి మా వాడకట్టులో ఇద్దరు నా దగ్గరికి వచ్చి, "మేడం, ఇక ట్రీట్‌మెంట్ ప్లాంటు అక్కర్లేదట కదా" అన్నారు. అందుకని రాస్తున్నాను.

ముందు ఈ పని ఎలా జరుగుతుందో నాకు తెలిసినంతలో చెబుతాను. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా టైటానియం డయాక్సైడ్ మీద కాంతి పడితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుందని 'నేచర్' పత్రికలో రాశారు. టైటానియం డయాక్సైడ్ అంటే ఏదో వింత పదార్థం కాదు, మన గోడలకు వేసే తెల్ల పెయింటులో ఉండేదే. దాని మీద కాంతి పడినప్పుడు లోపల ఒక ఎలక్ట్రాన్ తన చోటు వదిలి పైకి లేస్తుంది. అది వదిలిన చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఎలక్ట్రాన్ ఆక్సిజన్‌ను, ఆ ఖాళీ నీటిని పట్టుకుంటే హైడ్రాక్సిల్ రాడికల్స్ లాంటివి పుడతాయి. వాటికి ఎదురైన సేంద్రియ పదార్థాన్నల్లా అవి ముక్కలు చేస్తాయి. రంగు, పురుగుమందు, ఔషధం, ఏదైనా సరే.

చిక్కు ఎక్కడంటే, టైటానియం డయాక్సైడ్‌ను లేపాలంటే అతినీలలోహిత కాంతే కావాలి. దాదాపు 388 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలు. మనకొచ్చే ఎండలో అది నూటికి నాలుగైదు వంతులే. కంటికి కనిపించే వెలుగు నలభై వంతులకు పైనే ఉంటుంది, అదంతా ఆ తెల్లపొడికి పనికిరాదు. మే నెలలో సిరిసిల్లలో బయట నిలబడితే తల మాడిపోయే ఎండ ఉంటుంది కదా, అందులో అధిక భాగం వృథానే. అందుకే కనిపించే వెలుతురుతో పనిచేసే పదార్థాల కోసం ప్రపంచమంతా వెతుకుతోంది.

నేను పనిచేసింది అలాంటి ఒక దానిమీద. కార్బన్ నైట్రైడ్ అంటారు. 2009 తర్వాత దీనిమీద పరిశోధనలు ఒక్కసారిగా పెరిగాయి. దాన్ని తయారుచేయడం చూస్తే మీరు నమ్మరు. యూరియాను మూతపెట్టిన క్రూసిబుల్‌లో వేసి 550 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు కాల్చాలి, అంతే. అమ్మోనియా ఘాటుకు కళ్లలో నీళ్లు కారతాయి కానీ చివరికి లేత పసుపు పొడి మిగులుతుంది. శనగపిండి అంత తేలిగ్గా, ఇంకా మెత్తగా ఉంటుంది. 460 నానోమీటర్ల వరకు, అంటే నీలి వెలుగు దాకా అది పీల్చుకుంటుంది. పొలానికి చల్లే యూరియాతో మోరీ నీళ్లు బాగుచేయొచ్చని తెలిసిన రోజు నేను హాస్టల్ నుంచి బాపుకు ఫోన్ చేసి చెప్పాను.

అయితే ఒంటరి పదార్థానికి ఒక జబ్బుంది. లేచిన ఎలక్ట్రాన్ చప్పున మళ్లీ తన ఖాళీలోనే పడిపోతుంది. విప్పిన ముడి మన చేతిలోనే మళ్లీ పడిపోయినట్టు. అప్పుడు పీల్చుకున్న వెలుగంతా ఉత్త వేడిగా పోతుంది. దీనికి విరుగుడుగా రెండు పదార్థాలను అంటించి పెడతారు. వెలుగు పడగానే ఎలక్ట్రాన్ ఒకవైపు, ఖాళీ ఇంకోవైపు సర్దుకునేలా. దాన్నే హైబ్రిడ్ అంటున్నాం. మీ వార్తలో 'సంకర నానో పదార్థం' అని రాసింది దీన్నే. కార్బన్ నైట్రైడ్‌కు టైటానియం డయాక్సైడ్ కలుపుతారు, బిస్మత్ వెనడేట్ కలుపుతారు, వెండి రేణువులు అద్దుతారు, గ్రాఫీన్ కలుపుతారు. నిజంగా మంచి ఆలోచన. ఇందులో నాకు ఎలాంటి అనుమానమూ లేదు.

నా అనుమానమంతా సీసాలోని నీళ్ల గురించే.

మీ ఫొటోలోని ఆ నీలం బహుశా మిథిలీన్ బ్లూ. దాదాపు అన్ని ల్యాబుల్లో మొదట వాడేది అదే. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో పది మిల్లీగ్రాములు వేస్తే కళ్లు చెదిరే నీలం వస్తుంది. తక్కువ ధర, కొలవడం తేలిక, పోతే కళ్లకు కనిపిస్తుంది. కానీ కనిపించే వెలుగుతో చేసే పరీక్షకు అది సరైన రంగు కాదని ఈ రంగంలో పెద్దలు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఆ రంగు స్వయంగా వెలుగు పీల్చుకుంటుంది, పొడి సాయం పెద్దగా లేకుండానే కొంత తనంతట తాను చెదిరిపోతుంది. అలాంటప్పుడు పనిచేసింది మన పదార్థమా, ఆ రంగేనా అని ఎలా తేలుస్తాం?

నాకు ఇది చేదుగా తెలిసివచ్చింది. పీహెచ్‌డీ రెండో ఏడాది ఒక సీసాకు మూత బిగించి దీపం కింద పెట్టాను. ఏ రాడికల్ పనిచేస్తోందో తెలుసుకోవడానికి అందులో ఇంకో రసాయనం కూడా కలిపాను. గంటలో నీలం మాయమైంది. సంతోషంతో నోట్‌బుక్‌లో 'పూర్తిగా పోయింది' అని రాసి ఇంటికెళ్లాను. మర్నాడు మూత తీసి సీసా ఊపితే నీలం మళ్లీ తేలింది. మిథిలీన్ బ్లూ చావలేదు, గాలి అందక రంగులేని రూపంలోకి మారి కూర్చుంది. ఆక్సిజన్ తగలగానే తిరిగొచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంతకుముందు చేసిన ప్రయోగాలన్నిటినీ మళ్లీ మొదలుపెట్టాను.

ఆ తర్వాత నీటిలో మిగిలిన మొత్తం కర్బనాన్ని కొలిచే టీఓసీ పరీక్ష కూడా చేయడం మొదలుపెట్టాను. అది చేస్తే అసలు సంగతి బయటపడింది. రంగు దాదాపు అంతా పోయిన సీసాలో కర్బనం సగం కూడా తగ్గలేదు. రంగు పోవడం వేరు, మలినం పోవడం వేరు. మా డయింగ్‌లో వాడే రంగుల్లో చాలావరకు అజో రంగులే. వాటిలో రెండు నైట్రోజన్ల మధ్య బంధం తెగితే చాలు, రంగు కనిపించదు. కానీ వాటికి అటూఇటూ ఉన్న బెంజీన్ వలయాలు అలాగే నీళ్లలో ఉండొచ్చు. గాలి అందని చోట ఆ బంధం తెగితే వచ్చే ఏరోమాటిక్ అమైన్లలో కొన్ని క్యాన్సర్ కారకాలు. రంగున్న నీటిని చూస్తే పశువుల కాపరి కూడా అటు తోలడు. తేటగా ఉంటే? నాకు భయమేసేది ఆ తేటనీళ్ల గురించే.

ఇక మా బాపు అడిగిన మాట. నా వైవా అయిన వారం ఇంటికొచ్చినప్పుడు ఆయనకు నా సీసాల ఫొటో చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "గీ నీళ్లల్ల ఉప్పు ఎంతేసినవ్ బిడ్డా?" అన్నాడు. ఉప్పు వేయలేదన్నాను. "సోడా?" అన్నాడు. అదీ లేదన్నాను. "మరి గవి డయింగ్ నీళ్లెట్లయితయ్?" అన్నాడు.

ఏడో తరగతి దాకా చదివిన మనిషి. నా థీసిస్ చూసిన ముగ్గురు పరీక్షకుల్లో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు.

పత్తి నూలుకు రియాక్టివ్ రంగు పట్టాలంటే తొట్టిలో ఉప్పు పోయాలి, ఆ తర్వాత సోడా వేయాలి. ముదురు రంగులకు లీటరు నీటికి 60 నుంచి 80 గ్రాముల ఉప్పు పడుతుంది. సముద్రపు నీటిలో ఉండేది లీటరుకు 35 గ్రాములు. అంటే బాపు చేతులు ముప్పై ఒక్క ఏళ్లు సముద్రం కంటే ఉప్పటి వేడినీళ్లలో నానాయి. పైగా వేసిన రంగంతా నూలుకు పట్టదు. రంగును బట్టి ఐదో వంతో మూడో వంతో, కొన్నిట్లో ఇంకా ఎక్కువో, నీళ్లతో పాటు మోరీలోకే పోతుంది.

ఇప్పుడు మన పసుపు పొడిని ఆ నీళ్లలో వేస్తే ఏమవుతుంది? సోడా అంటే సోడియం కార్బనేట్. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టగానే కార్బనేట్ దాన్ని పట్టేసుకుంటుంది, రంగు దాకా పోనివ్వదు. నీళ్లు పది పదకొండు పీహెచ్‌తో, అంటే బాగా క్షారంగా ఉంటాయి కాబట్టి పొడి రేణువుల మీద రుణావేశం ఉంటుంది, ఈ రంగులకూ రుణావేశమే, రెండూ దగ్గరికి రావు. ఉప్పు ఎక్కువైతే నానో రేణువులు గుంపుగా ముద్దకట్టి అడుక్కి దిగుతాయి, అప్పుడు వాటి నానోతనం ఏముంటుంది? అన్నిటికంటే ముందు, నల్లరంగు నడిచిన నీళ్లలో వేలు ముంచితే వేలు కనిపించదు. వెలుగు లోపలికి పోకపోతే వెలుగుతో పనిచేసే పొడి ఏం చేస్తుంది!

ఇదంతా పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మూడేళ్ల కింద ఎండాకాలంలో మా ఫైనలియర్ పిల్లలతో కాలేజీ డాబా మీద చేసి చూశాం. అంగుళం లోతు స్టీలు ట్రేలు తెచ్చాం. ఒకదాంట్లో మిథిలీన్ బ్లూ, పొడి. ఒకదాంట్లో డయింగ్ షెడ్డు నుంచి క్యాన్‌లో తెచ్చిన మెరూన్ నీళ్లు, పొడి. ఒకదాంట్లో అవే నీళ్లు, పొడి లేకుండా. ఇంకోదాంట్లో పొడి వేసి పైన రేకు కప్పాం, ఎండ తగలకుండా. మిథిలీన్ బ్లూ మధ్యాహ్నం భోజనం గంటకే తేటపడింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. మెరూన్ ట్రే సాయంత్రానికి కూడా మెరూన్‌గానే ఉంది. రేకు కప్పిన ట్రేలో కూడా కొంచెం రంగు తగ్గింది. అంటే ఆ కొంచెం పొడికి అంటుకుందన్నమాట, విరగలేదు. ఈ తేడా తెలియకపోతే అదీ మన ఘనతే అనుకునేవాళ్లం.

తర్వాత అవే నీళ్లను ఇరవై రెట్లు పలుచన చేసి, ఆమ్లంతో పీహెచ్ దించి మళ్లీ పెట్టాం. రెండు రోజుల ఎండకు రంగు కొంత దిగింది. కొంతే. కానీ దిగింది. అందుకే నేను ఈ దారి మూసుకుపోయిందనడం లేదు. ఒక అమ్మాయి, "మేడం, ఇరవై రెట్లు పలుచన చేయడానికి నీళ్లెక్కడివి?" అంది. జవాబు చెప్పలేకపోయాను.

ఇంకో చిన్న విషయం. ట్రేలోంచి ఆ పొడిని తిరిగి తీయడం మా వల్ల కాలేదు. ల్యాబులో అయితే సెంట్రిఫ్యూజ్‌లో పది నిమిషాలు తిప్పితే అడుగుకు చేరుతుంది. షెడ్డులో రోజుకు వేల లీటర్లు పోయేచోట ఎలా? టైల్స్ ముక్కల మీద పూతగా వేయడం, అయస్కాంతానికి అంటుకునే ఐరన్ ఆక్సైడ్‌ను కలపడం లాంటి దారులున్నాయి, అవి నాకు నచ్చుతాయి. కాడ్మియం సల్ఫైడ్ కలిపిన హైబ్రిడ్‌లు మాత్రం నాకు నచ్చవు. ఎండకూ గాలికీ అది కరిగి కాడ్మియం అనే విషలోహం నీళ్లలోకి దిగుతుంది. రంగు తీసేసి కాడ్మియం వదిలే మందు మా మానేరుకు వద్దు.

మరి ఈ పరిశోధన ఎక్కడ నిజంగా అక్కరకొస్తుంది? నా ఉద్దేశంలో రంగులేని నీటిలో, ఉప్పు తీసేశాక, చివరి మెట్టుగా. పటాన్‌చెరు సంగతి మీ పాఠకులకు తెలుసు. అక్కడ సుమారు 90 ఔషధ కంపెనీల వ్యర్థజలాలు తీసుకునే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. శుద్ధి చేసిన తర్వాత నీళ్లు అవి! సూక్ష్మజీవులతో శుద్ధి చేసే ట్యాంకుల్లో యాంటీబయాటిక్‌ను వదిలించడం కష్టం, అది చంపేదే సూక్ష్మజీవులను కాబట్టి. అలాంటిచోట రాడికల్స్‌తో విరగ్గొట్టే పద్ధతికి అర్థముంది. నీళ్లు తేటగా ఉంటే వెలుగూ లోపలికి పోతుంది. పైగా సిప్రోఫ్లాక్సాసిన్ రంగులేనిది, కాబట్టి మిథిలీన్ బ్లూ లాగా కనిపించే వెలుగును తానే పీల్చుకుని మనల్ని మోసం చేయదు.

డయింగ్ నీళ్లకు ఈ రోజు ఉన్న దారి వేరే. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూర్‌లో డయింగ్ యూనిట్లన్నీ మూసేయమంది. నొయ్యల్ నది, ఒరత్తుపాళయం ఆనకట్ట నీళ్లు పాడైపోయాయని రైతులు ఏళ్లకేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన తర్వాత వచ్చిన తీర్పు. చుక్క నీరు బయటికి వదలని పద్ధతి పాటిస్తేనే ఆ తర్వాత అక్కడ యూనిట్లు నడపనిచ్చారు. రివర్స్ ఆస్మాసిస్‌తో నీళ్లు వడకట్టి, మిగిలినదాన్ని మరిగించి, ఉప్పును కూడా తిరిగి వాడుతున్నారు. ఖర్చెక్కువ, కరెంటెక్కువ. చిన్న షెడ్డువాళ్లు ఒక్కరే భరించలేరు, ఉమ్మడిగా కట్టుకోవాలి, ప్రభుత్వం చేయివేయాలి. ఎండతో అయిపోతుందన్న వార్త చదివిన షెడ్డు యజమాని ఆ ఖర్చు ఎందుకు పెడతాడు? ఇంకో రెండేళ్లు ఆగుదాం అనుకుంటాడు. ఆ రెండేళ్లు మోరీ అలాగే పారుతుంది.

అందుకే మీ పత్రికకు నా మనవి. ఇలాంటి వార్త మళ్లీ వచ్చినప్పుడు మీ విలేకరి ఆ పరిశోధకులను కొన్ని మాటలు అడగాలి. ఏ నీళ్లలో చేశారు, ల్యాబులో కలిపినవా, మోరీవా? దీపం కిందా, ఎండలోనా? రంగు తగ్గిందా, కర్బనం కూడా తగ్గిందా? పొడి వేయకుండా ఎండలో పెట్టి చూశారా, పొడి వేసి చీకట్లో పెట్టి చూశారా? అదే పొడిని ఎన్నిసార్లు వాడారు, తిరిగి ఎలా తీశారు? నిజాయితీగల పరిశోధకులకు ఈ ప్రశ్నలంటే ఇష్టమే. నన్నెవరైనా అప్పుడే అడిగి ఉంటే నాకు రెండేళ్లు కలిసొచ్చేవి.

ప్రభుత్వానికి, విశ్వవిద్యాలయాలకు ఇంకొక్క మాట. మా జిల్లా టెక్స్‌టైల్ పార్కులో ఒక రేకుల షెడ్డు, పది ట్రేలు, ఒక టీఓసీ యంత్రం, ఒక లెక్కల పుస్తకం పెట్టండి. ఏ ల్యాబువాళ్లయినా తమ పొడి తెచ్చి అసలైన డయింగ్ నీళ్లలో, మా ఎండలో వేసి చూడొచ్చు. ఫలితం ఏదొచ్చినా ఆ పుస్తకంలో రాయాలి, పని చేయకపోయినా రాయాలి. ఆ పుస్తకం ఎవరైనా తెరిచి చదవగలగాలి. మంచి పదార్థం ఎక్కడో ఒకచోట ఉంది, నేను నమ్ముతున్నాను. అది బయటపడాలంటే ఉప్పు నీళ్లలో దిగాల్సిందే.

నీళ్ల సంగతి నేను చూసుకుంటాను. ఏ ల్యాబువాళ్లు అడిగినా ఇరవై లీటర్ల క్యాన్లలో నింపి, ఏ రంగు నడిచిన రోజు పట్టినవో, ఉప్పెంత, సోడా ఎంత, పీహెచ్ ఎంత అన్నది చీటీ అంటించి బస్సు కార్గోలో పంపిస్తాను. ఉప్పు లెక్క బాపు చెబుతాడు. పని మానేసి ఐదేళ్లయినా ఆయనకు ఇంకా గుర్తే.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ లెక్చరర్,
సిరిసిల్ల